తూటాలు లెక్కపెట్టిన చెవులు

నా చెవులకు అందకుండా పోయినవి ఎనిమిది. పోయిన వరుసలోనే రాస్తున్నాను. మొదట కీచురాయి. తర్వాత అటక మీద ఎలుక. మూడోది గొర్రెపిల్ల మెడలోని చిన్న గంట. తల్లిగొర్రె మెడలోని పెద్ద గంట ఇప్పటికీ బాగానే వినిపిస్తుంది. నాలుగోది నా భార్య గాజులు. ఐదు, జొన్నచేను మీద వాలే పిచ్చుకలు. ఆరు, ఎసరు మరగబోయే ముందు కుండలో పుట్టే సన్నని కూత. ఏడు, వత్తి అంటుకున్నప్పటి సుర్రుమనే చప్పుడు. ఎనిమిదోది మా చిన్న బిడ్డ గుసగుస. అది పోయిందని తెలిసిన రోజు బాగా గుర్తుంది. బిడ్డ నా కుడి చెవి దగ్గర ఏదో చెప్పి, నవ్వుతూ నా ముఖంలోకి చూసింది. నేనూ నవ్వాను. ఏం చెప్పిందో నాకు తెలియదు.

అప్పటికి నాకు నలభై రెండేళ్లు. ముసలితనం వల్ల అని చెప్పుకునే వయసు కాదు. కారణం నాకు తెలుసు. పదకొండు ఎండాకాలాలుగా నేను బావుల దగ్గర తూటాలు లెక్కపెడుతూ వచ్చాను.

మాది దేవరకొండకు పడమటి వైపు పల్లె. వానను నమ్ముకున్న చేలు, నాలుగు గొర్రెలు. ఎండాకాలం చేలో పని ఉండదు కాబట్టి ఊళ్లో తొమ్మిదిమందిమి కలిసి బావులు తవ్వడానికి పోయేవాళ్లం. మా దిక్కు మూడు నాలుగు గజాలు మట్టి, ఆ కింద అంతా రాయి. సమ్మెటతో, ఉలితో రాతికి బొందలు వేసి, అందులో మందు కూరి, వత్తి పెట్టి, పైన మట్టితో బిగించి పేల్చాలి. ఆ ఒక్కొక్క బొందనే తూటా అనేవాళ్లం.

నేను బడికి పోయింది తక్కువ. లెక్క మాత్రం సొంతంగా పట్టుబడింది. బావి అడ్డం కొలతను దానితోనే హెచ్చవేసి, పద్నాలుగు భాగాలు చేసి, పదకొండు భాగాలు తీసుకుని, లోతుతో హెచ్చవేస్తే తవ్విన రాయి ఎంతో వస్తుంది. ఇది నాకు ఎవరూ చెప్పలేదు. గుండ్రటి బుట్టలో గింజలు పోసి, కొలిచి, మళ్లీ పోసి, రెండు వేసవుల్లో కనుక్కున్నాను. అందుకే మా జట్టు మేస్త్రి కొలతలతో పాటు తూటాల లెక్క కూడా నాకే అప్పగించాడు.

ఆ లెక్కకు ఒక పద్ధతి ఉంది. ఎన్ని వత్తులు అంటిస్తే అన్ని గులకరాళ్లు ఎడమ చేతిలో పట్టుకోవాలి. ఒక్కటి పేలగానే ఒక రాయి కుడి చేతిలోకి మారాలి. ఎడమ చేయి ఖాళీ అయితే పొగ పోయాక అందరూ దిగవచ్చు. ఒక్క రాయి మిగిలినా "బావి బాకీ ఉంది" అనేవాళ్లం. అంటే పేలని మందు లోపలే ఉంది. ఎప్పుడు పేలుతుందో తెలియదు. మరునాడు పొద్దున దాకా ఎవరూ కాలు పెట్టకూడదు. మరునాడు మేస్త్రి ఒక్కడే దిగి ఆ బొందలో నీళ్లు పోసి, జానెడు పక్కన ఇంకో బొంద వేసి, దాన్ని పేల్చి పాతదాన్నీ లేపేవాడు. అప్పుడు బాకీ తీరినట్టు.

పేలేటప్పుడు మిగతావాళ్లంతా తవ్విపోసిన మట్టికట్ట వెనక బోర్లా పడుకుని చెవుల్లో వేళ్లు పెట్టుకునేవాళ్లు. లెక్క పెట్టేవాడు చెవులు మూసుకోకూడదు. రెండు చేతుల్లో రాళ్లున్నవాడు మూసుకోవాలన్నా ఎలా మూసుకుంటాడు? నేను బండ చాటున, కుడి చెవి బావి వైపు తిప్పి కూర్చునేవాణ్ణి. ఎండాకాలానికి నలభై మధ్యాహ్నాలు, మధ్యాహ్నానికి ఆరు తూటాలు వేసుకున్నా పదకొండేళ్లకు రెండువేల ఆరు వందల నలభై. అన్నీ తెరిచిన చెవులతోనే విన్నాను.

మొదటి ఏళ్లలో సాయంత్రం దాకా చెవిలో గుయ్యిమనేది, పొద్దునకు తగ్గేది. తర్వాత రెండు రోజులు ఉండేది. ఆ తర్వాత ఎండాకాలమంతా ఉండి వానలు పడ్డాక తగ్గేది. పదకొండో ఏడు మొదటి తూటా పేలగానే చెవిలో దూది కుక్కినట్టయ్యేది. వెంటవెంటనే రెండు పేలితే నాకు ఒక్కటిగానే వినిపించేది.

ఆ వేసవి మొదటి నెలలో ఐదుసార్లు నా చేతిలో ఒక రాయి మిగిలింది. ఐదుసార్లూ పని ఆగింది. ఐదుసార్లూ మరునాడు మేస్త్రి దిగి చూస్తే అన్ని బొందలూ పేలే ఉన్నాయి. తొమ్మిదిమందికి సగం రోజు చొప్పున ఇరవై రెండున్నర రోజుల పని నా చెవి మింగింది.

"లెక్కలాయనకు కూడికలన్నీ నోట్లె ఉన్నయి, తీసివేతలన్నీ చెవుల్ల ఉన్నయి" అన్నాడు మా బామ్మర్ది. నా భార్య తమ్ముడు. ఇరవై ఏళ్లవాడు, దుడుకు. పొగ పూర్తిగా పోకముందే అందరికన్నా ముందు దిగేది వాడే.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. చెవి పోతున్నదని మాత్రం చెప్పలేదు. చెబితే రాళ్లు ఇంకొకరి చేతికి పోతాయి. ఊళ్లో నాకున్న మర్యాద ఆ గులకరాళ్ల వల్లనే వచ్చింది మరి.

అప్పుడు నేనొక లెక్క వేశాను. ఇంత తప్పు లెక్క నా బతుకులో ఇంకోటి లేదు. ఐదుసార్లు ఒకటి తక్కువైంది. ఐదుసార్లూ తప్పు చెవిదే, బావిది కాదు. కాబట్టి ఇక ముందు ఒకటి తక్కువైతే అది నా చెవి తినేసిన తూటాయే. దాన్ని నేనే కలుపుకోవాలి. ఆరోసారి ఒక రాయి మిగిలినప్పుడు ఎవరూ చూడకుండా కుడి చేతిలోకి మార్చి "అయిపోయినయి" అన్నాను. అందరూ దిగారు. ఏమీ కాలేదు. ఏడోసారీ అంతే. నా సూత్రం రుజువైందనుకున్నాను.

ఎనిమిదోసారి ఏడు తూటాలు. ఆరు విన్నాను. కాసేపు ఆగి ఏడో రాయి మార్చాను.

"ఏడూ అయినయి."

బామ్మర్ది కట్ట మీద నుంచి దూకి, నడుముకు తువ్వాల బిగించి, బావి మెట్టు మీద ఒక కాలు పెట్టాడు.

"ఆరే" అన్నది అవ్వ.

అవ్వ మేస్త్రి తల్లి. ఎనభై దగ్గర పడ్డ మనిషి. కొడుకుతో పాటు వచ్చి చెట్టు నీడన కూర్చుని అందరి సద్దిమూటలకు కాపలా ఉండేది. పక్కన నిలబడి అరిస్తే తప్ప ఆమెకు మాట వినపడదు. అందుకని బావి పేల్చే వేళ బండ మీద అరచెయ్యి ఆనించి కూర్చునేది. చేతికి అదురు ఆగితే లేచి సద్దులు విప్పేది. ఆమె లెక్క పెడుతుందని మాలో ఎవరూ అనుకోలేదు.

"ఆయినె ఏడు రాళ్లు పట్టిండు, నా చేతికి ఆరే వచ్చినయి. ఏడోది రాలే. దిగకు పోరడా."

"ఓ చెవిటవ్వా, నీకు ఉరుమే వినరాదు, తూటా లెక్క చెప్తున్నవా?" అని బామ్మర్ది నవ్వి, రెండో కాలు కూడా మెట్టు మీద పెట్టాడు.

వాడు ఇంకో మెట్టు దిగాడు. ఆమె చెయ్యి ఆరు అన్నది, నా చెవి కూడా ఆరు అన్నది. ఏడోది చెప్పింది నా సూత్రం ఒక్కటే.

"ఆగరా!" అని అరిచాను. "పైకి రా. నేను ఇన్నది ఆరే. ఏడోది నేను కలిపిన."

వాడు అక్కడే నిలబడి నన్ను చూశాడు. "కలిపినవా? ఏం కలిపినవ్ బావా?"

"చెవులు సరిగ వినపడ్తలేవు. నువ్వు జర పైకి రా, తర్వాత చెప్త."

వాడు పైకి వచ్చాడు. కట్ట వెనక కూర్చుని, నడుముకు బిగించిన తువ్వాల విప్పాడు. "నేను లోపటనే ఉండిపోతే మా అక్కకు ఏం లెక్క చెప్తుంటివి?" అన్నాడు. అది తిట్టో పరిహాసమో వాడి ముఖం చూసినా తెలియలేదు.

పొగ పోయాక మేస్త్రి అద్దం తెచ్చి గట్టు మీద నుంచి ఎండను బావిలోకి తిప్పాడు. మామూలుగా పగిలిన రాయి కప్పేసి అడుగు కనిపించదు. ఆ రోజు తూర్పు అంచు బొంద మాత్రం కనిపించింది. దాని మీద బిగించిన మట్టి బిగించినట్టే ఉంది.

మేస్త్రి అద్దం దించి నా వైపు తిరిగాడు. రాళ్లు అడుగుతాడనుకుని చెయ్యి చాపాను. తీసుకోలేదు. తల్లి దగ్గరికి పోయి ఆమె చెవి పక్కన అరిచాడు.

"ఎప్పటి నుంచి లెక్కబెడుతున్నవే?"

"ఎప్పటి నుంచో. ఐదుసార్లు పనాపిన్రు గదా, ఐదుసార్లూ ఆయినె తప్పే చెప్పిండు. నా చేతికి అన్నీ వచ్చినయి."

"మరి చెప్పవేందే?"

"నన్నెవలడిగిన్రు?"

నవ్వు ముందు బామ్మర్దికే వచ్చింది. తర్వాత అందరికీ వచ్చింది.

మరునాడు పొద్దున మేము పోయేసరికి బావి తవ్విస్తున్న ఆసామి గట్టు మీద నిలబడి చేతులు ఊపుతున్నాడు. ఏం మునిగిందోనని ఉరికాం. బావిలో నీళ్లు! ముందు రోజు పేలిన ఆరు తూటాలకే ఎక్కడో జల పగిలింది. మొలలోతు నీళ్లు నిలిచి, ఇంకా ఊరుతున్నాయి. పేలని బొంద నీళ్ల అడుగున మునిగిపోయింది. మందు నానిపోయింది కాబట్టి ఇక దానితో భయం లేదు. ఆసామి బెల్లం తెచ్చి పంచాడు. మొదటి ముక్క అవ్వకు ఇచ్చాడు.

ఆ వారమే బామ్మర్ది నన్ను దేవరకొండ దవాఖానకు తోలుకుపోయాడు. "నువ్వు చెప్పవు, నేనే చెప్త" అని డాక్టరు ముందు కూర్చుని నా కథంతా వాడే చెప్పాడు. డాక్టరు రెండు చెవుల్లోకీ దీపం వేసి చూసి, పోయిన వాటి వరుస అడిగాడు. ఎనిమిదీ చెప్పాను. "మీరే సగం పరీక్ష చేసుకొచ్చారు" అన్నాడు. చెవి లోపల నూగు కన్నా సన్నని పోచలుంటాయని, చప్పుడుకు వంగి లేవడమే వాటి పని అని, పెద్ద చప్పుడు పదే పదే తగిలితే లేవకుండా పడిపోతాయని చెప్పాడు. సన్నని కూతలను పట్టే పోచలే ముందు పోతాయట. వయసు కూడా వాటినే ముందు తీసుకుంటుందట, కాకపోతే నిదానంగా, రెండు చెవులనూ సమంగా.

"పోయినవి మళ్లా వస్తయా?" అని అడిగాను.

"రావు. కానీ చప్పుడు తీసుకుపోయేదాన్ని ఈ రోజే ఆపొచ్చు. వయసు తీసుకునేది మాత్రం ఎవరం ఆపలేం, నేనైనా అంతే."

ఇంటికి వచ్చాక అవ్వ దగ్గర కూర్చుని ఆమె వరుస అడిగాను. అరిచి అరిచి గొంతు పోయింది గానీ లెక్క కుదిరింది. ఆమెకూ ముందు పోయింది కీచురాయే. తర్వాత పిచ్చుకలు, గాజులు, పిల్లల మాటలు. వరుసలో కొంచెం తేడా ఉన్నా పోయినవి అవే.

"నాకు డెబ్బై దాటినంక పోయినయి" అన్నది అవ్వ. "నీకు నలభైకే ఏం తొందర పడ్డది కొడుకా? ఎవలన్న ఎన్క పడి ఉరికిచ్చిన్రా?"

ఆ తర్వాత పద్ధతి మార్చాం. అందరం కట్ట వెనకే ఉంటాం. అందరి చెవుల్లోనూ నూనెలో తడిపి పిండిన దూది ఉంటుంది. బండ మీద మూడు చేతులు ఆనుతాయి: అవ్వది, నాది, బామ్మర్దిది. రాళ్లు మాత్రం నా ఒళ్లోనే ఉంటాయి. మూడు చేతులూ ఒప్పుకుంటేనే ఒక రాయి మారుతుంది. ఏ ఒక్క చెయ్యి ఒప్పుకోకపోయినా బావి బాకీ ఉన్నట్టే. మొదట్లో నా అరచేతికి ఏమీ తెలిసేది కాదు. వేళ్లు కాదు, మణికట్టు దగ్గరి అరచేతి భాగం ఆనించాలని అవ్వ నా చెయ్యి పట్టి నేర్పింది. రెండు వారాల్లో పట్టుబడింది.

పాత జేబు గడియారం ఒకటి కొన్నాను. ఏటా తొలకరి పడ్డాక ఒక చెవి మూసుకుని, గడియారాన్ని దూరం జరుపుతూ టిక్కుటిక్కు ఎక్కడ ఆగుతుందో నా భార్యతో కొలిపిస్తాను. మొదటి ఏడు ఎడమ చెవికి ఇరవై రెండు వేళ్ల దూరం, కుడి చెవికి ఎనిమిది. నాలుగేళ్లయింది. కుడిది ఎనిమిదే. ఎడమది ఇరవై ఒకటి. తగ్గిన ఆ వేలు వయసుదని నేను, దూది సరిగ్గా పెట్టుకోనందుకని నా భార్య. బిడ్డ ఇప్పుడు ఏదైనా చెప్పాలంటే నా ఎడమ వైపు వచ్చి కూర్చుంటుంది.

ఈ నాలుగు వేసవుల్లో చేతులకు అందని తూటాలు తొమ్మిది. ప్రతిసారీ పని ఆపాం. మరునాడు చూస్తే తొమ్మిదీ నిజంగానే పేలలేదు. తొమ్మిదింటినీ పక్క బొందలు వేసి తీర్చుకున్నాం. ఎవరి గోరూ ఊడలేదు. బామ్మర్దికి పెళ్లయింది, ఒక కొడుకు పుట్టాడు.

ఆ నీళ్లు పడ్డ బావి కింద ఇప్పుడు మూడెకరాల వరి పారుతుంది. పోయిన కరువులో కూడా అడుగు తేలలేదు. అక్కడ మేము కూరిన తూటాలు మొత్తం రెండువందల పద్నాలుగు. పేలినవి రెండువందల పదమూడు. ఆ బావి ఇప్పటికీ ఒకటి బాకీ.