స్పీకరుకు ఆనించిన టేపు

నా చిన్నప్పుడు మదనపల్లెలో కంప్యూటరును చూసినవాళ్లే తక్కువ. మా మేనత్త పట్టుపురుగుల గుడ్లు పంచే ఒక కేంద్రంలో యూనిక్స్ అనే పద్ధతిలో పనిచేసే కంప్యూటరు నడిపేది. ఏ గుడ్లకు రోగం ఉంది, ఏవి మంచివి అన్న పరీక్షల వివరాలన్నీ అందులోనే ఉండేవి. ప్రతి శుక్రవారం వాటిని టేపులోకి కాపీ చేసి, ఆఫీసులో ఏం జరిగినా భద్రంగా ఉంటుందని ఇంటి బీరువాలో పెట్టేది. అంతకుముందు వారం టేపును పలమనేరు ఆఫీసుకు పంపేది.

ఒక శనివారం ఒంటిపూట బడి అయ్యాక అత్త ఆఫీసుకు వెళ్లాను. కరెంటు పోయి వచ్చాక కంప్యూటరు సరిగా మొదలవలేదట. సగం ఫైళ్లు కనబడుతున్నాయి, సగం లేవు. సోమవారం కురబలకోట రైతులు గుడ్ల కోసం వస్తారు. పొరపాటున రోగపు గుడ్లు ఇస్తే వాళ్ల ఇళ్లలో పురుగులన్నీ చచ్చిపోతాయి. కంప్యూటరులో వివరాలు ఉండే డిస్కును పూర్తిగా తుడిచి, టేపులో ఉన్నదంతా తిరిగి ఎక్కించడమే దారి అని చెప్పి, అత్త ఇంటికి మనిషిని పంపి టేపు తెప్పించింది.

దాన్ని చూడగానే నేను రెండడుగులు వెనక్కి వేశాను. ముందురోజు సాయంత్రం అత్త ఇంట్లో, పాట వస్తుందేమోనని ఆ టేపును పాత రేడియో స్పీకరుకు ఆనించి చాలాసేపు ఆడుకున్నాను. అయస్కాంతం తగిలితే టేపు చెడిపోతుందని అత్త ఎప్పుడో చెప్పింది. స్పీకరు వెనక ఉన్నది అయస్కాంతమేనని ఆలస్యంగా గుర్తొచ్చి, గబగబా బీరువాలో పెట్టేసి ఊరుకున్నాను.

కేంద్రం ఆఫీసరు పక్కన నిలబడి అత్తను తొందరపెడుతున్నాడు. "ఇంగా యాలమ్మా ఆలస్యం, తుడిసేసేయ్."

అత్త వేళ్లు కీబోర్డు మీదికి పోయాయి.

"అత్తా, ఆ టేపును నేను స్పీకరుకు ఆనిచ్చినా," అన్నాను.

ఆఫీసరు నావైపు కోపంగా తిరిగాడు. అత్త ఒక్క క్షణం కళ్లు మూసుకుని, చేతులు వెనక్కి తీసుకుంది. డిస్కును ముట్టకుండా టేపును చదివించి చూసింది. టేపు మధ్యలో ఆగిపోయింది. మళ్లీ మొదటినుంచి చదివిస్తే మళ్లీ అక్కడే ఆగింది.

అత్త తిడుతుందని తల వంచుకున్నాను. "నువ్వు సెప్పకపోయింటే డిస్కూ టేపూ రెండూ పోయుండేవి. టేపు బాగుండాదో లేదో సూడకుండా తుడిసేదానికి పోయినాను, అది నా తప్పు," అంది.

డిస్కులో కనబడుతున్న ఫైళ్లను ముందు ఖాళీ టేపులోకి తీసుకుంది. పలమనేరు ఆఫీసులో దాచిన అంతకుముందు వారం టేపును బస్సులో తెప్పించి, చివరిదాకా చదివించాకే డిస్కు తుడిచి, రెండు టేపుల్లో ఉన్నదీ తిరిగి ఎక్కించింది. ఇంకా దొరకని వివరాలను ఆదివారమంతా పరీక్షల కాగితాలు చూసి ఎక్కించింది. నేను పక్కన కూర్చుని ఒక్కో నంబరూ చదివాను. సోమవారం రైతులు మంచి గుడ్లే తీసుకెళ్లారు.

ఏదైనా చెడగొట్టానని తెలిస్తే ఈ వయసులోనూ ముందు దాచేయాలనే అనిపిస్తుంది. అయినా ఎవరో దాన్ని నమ్మి అడుగు వేయకముందే నోరు తెరుస్తాను. చిన్నవాళ్లెవరైనా భయపడుతూ వచ్చి తప్పు చెప్పుకుంటే, చేతిలో పని ఆపి ముందు వింటాను.