ఒరొంజో ఎవర్ని చూసి నవ్వాడు

సముద్రపొడ్డున మోనోపొలి పాత ఊళ్ళో సవేరియోకి తెలియని గుమ్మం లేదు, తనదనే గుమ్మమూ లేదు. బారీ పట్నంలో ఒక అద్దెగది, మెడలో కెమెరా, తలమీద గాలికి నిలవని టోపీ, ఇంతే అతని సంసారం. ఏటా ఎండలు మొదలయ్యే వేళకి రైలు దిగి, సున్నపుగోడల సందుల్లోంచి రేవుదాకా తిరుగుతాడు. పెళ్ళిళ్ళకీ, చర్చిలో పిల్లలు మొదటిసారి అందుకునే తొలి ప్రసాదాలకీ, తెప్పమీద మరియమాత ఒడ్డుకొచ్చే పండక్కీ ఫొటోలు తీసి, కడిగించి, ఇంటింటికీ పంచుతాడు.

ఆ ఏడూ అంతే. గుమ్మాల్లో కూర్చుని పిండిముద్దల్ని బొటనవేలితో చెవుల్లా నొక్కుతున్న ఆడవాళ్ళు అతన్ని చూశారు.

"ఫొటోల బావొచ్చాడే. ఈసారైనా పెళ్ళాన్ని తెచ్చావా బావా?"

"తెచ్చానుగా. మెడలో వేలాడుతోంది చూడు."

అందరూ నవ్వారు, అద్దొలొరాటా తప్ప. ఆవిడ నల్లబట్టల్లో ఉంది. భర్త ఒరొంజో చేపలు పట్టేవాడు, చలికాలంలో జ్వరమొచ్చి పోయాడు.

"లోపలికి రా సవేరియో, నీతో పనుంది," అంది. "శ్మశానంలో వరసంతా ముఖాలే. ప్రతి రాతిమీదా ఫొటో ఉంది. మా ఆయన రాతిమీద ఫొటో కోసం తొలిచిన గుంట ఉంది. ఆ గుంటతో ఏం మాట్లాడను? సంవత్సరీకం పూజకల్లా ముఖం పెట్టించాలి. ఇన్నేళ్ళూ తిరిగావు, ఎక్కడో నీకు చిక్కకపోడు."

చిక్కి ఉండడనే సవేరియోకి అనిపించింది. ఒరొంజో తండ్రి ముచ్చటపడి ఫొటో తీయించుకున్న మర్నాడే ఆయన్ని సముద్రం మింగేసింది. అప్పట్నించీ ఒరొంజో కెమెరా కనబడితే చాలు, మొహం తిప్పేసేవాడు.

"పెళ్ళిరోజు కూడా తిప్పేశాడు మహానుభావుడు. ఫొటోలో నేనున్నాను, పక్కన ఒక చెవి ఉంది. చెవికి దండం పెట్టుకోనా?"

సవేరియో దగ్గరున్న పాత రీళ్ళన్నీ ఒక వానాకాలం గదిలోకి నీళ్ళొచ్చి పాడైపోయాయి. ఇక మిగిలింది ఊళ్ళో గోడలమీద ఉన్న ఫొటోలే. మర్నాటినించి ఇంటింటికీ తిరిగాడు. ఎప్పుడూ గుమ్మంలో నిలబడి ఇచ్చి వెళ్ళేవాడు, ఇప్పుడు లోపలికి వెళ్ళాడు. అతని ఫొటోలు మంచాల తలాపున, దేవుడి దీపం పక్కన, అద్దాల బీరువా అంచుల్లో హాయిగా కాపురం చేస్తున్నాయి. తను తీసిన పసిపిల్లలు మీసాలొచ్చి, ఆ గోడలకిందే కూర్చుని ఉడికించిన చిక్కుడుముద్దలో చేదు ఆకుకూర నంజుకుంటున్నారు. కాఫీ ఇచ్చారు, బాగోగులడిగారు. ఏ గోడమీదా అతను మాత్రం లేడు. మధ్యాహ్నం కిటికీలు మూసి ఊరంతా నిద్రపోతే, రేవుగోడమీద ఒక్కడే కూర్చుని రొట్టె నమిలాడు.

దొరికిందల్లా ఒకచోట మోచెయ్యి, ఒకచోట వీపు. తెప్పపండగ ఫొటోలో ఒరొంజో మరియమాత పల్లకీ మోస్తున్నాడు గానీ, మొహానికి బొంగు అడ్డం.

చివరికి మంగలి రొక్కో ఇంట్లో, కూతురి తొలి ప్రసాదం ఫొటో. చర్చి మెట్లమీద తెల్లగౌనులో పిల్ల. కుడివైపు అంచున ఒరొంజో, నోరంతా తెరిచి, సూటిగా చూసి నవ్వుతూ.

"ఈయన మా ఫొటోలోకెప్పుడు దూరాడు?" అన్నాడు రొక్కో. "ఇన్నాళ్ళూ చూళ్ళేదే."

"మీరు పిల్లని చూసుకుంటారు గానీ అంచులెవరు చూస్తారు బావా."

సవేరియోకి ఆ రోజు గుర్తొచ్చింది. మీట నొక్కుతున్న క్షణాన గాలి అతని టోపీ ఎగరగొట్టింది. అది మెట్లమీద దొర్లుకుంటూ పోయింది. అది చూసి ఒరొంజో ఒళ్ళు మరిచిపోయి నవ్వి ఉంటాడు.

ఫొటో అడిగి తెచ్చి అద్దొలొరాటా చేతిలో పెట్టాడు. ఆవిడ చాలాసేపు చూసింది.

"ఆ పళ్ళమధ్య సందు... మర్చేపోయాను. ఎవర్ని చూసి ఇంత నవ్వు?"

'నిన్ను చూసే' అనబోయాడు. మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"నన్ను చూసే వదినా. టోపీ ఎగిరిపోయింది."

"నాకేసి ఒక్కనాడైనా ఇలా నవ్వలేదు."

ఫొటోని బల్లమీద బోర్లించింది. పొయ్యిమీద చిక్కుళ్ళు కుతకుతలాడుతున్నాయి. ఆవిడ లేచి మంట తగ్గించింది. అతను టోపీ చేతుల్లో తిప్పుతూ కూర్చున్నాడు.

"ఇదే పెట్టించు," అంది పొయ్యివైపే తిరిగి. "ఇకమీదట ఎదురుగా నిలబడేది నేనేగా. నవ్వక ఎక్కడికి పోతాడు."

మరుసటేడు రైలు దిగి సవేరియో సరాసరి శ్మశానానికే వెళ్ళాడు. బిగుసుకున్న ముఖాల వరసలో ఒరొంజో ఒక్కడే నవ్వుతున్నాడు. కింద తాజాపూలు. ఆవిడ పొద్దున్నే వచ్చి వెళ్ళినట్టుంది. చుట్టూ ఎవరూ లేరు. ఆనాడు ఫొటో తీస్తూ చర్చి మెట్లకింద నిలబడ్డంత దూరంలో, రాతికి ఎదురుగా నిలబడ్డాడు. సముద్రం మీంచి గాలి లేచింది. అలవాటుగా చెయ్యి టోపీమీదికి పోయింది.

కాసేపు ఆ మొహాన్నే చూసి, చెయ్యి తీసేశాడు. టోపీ లేచి సమాధుల మధ్య దొర్లుకుంటూ పోయింది. దాన్ని కొంతదూరం పోనిచ్చి, అప్పుడు దాని వెనక పరుగెత్తాడు.