ఏ ఫైలు దేంతో తెరవాలో నేర్పినందుకు

రాష్ట్రం రెండైన మరుసటి ఏడాది నేను పాతపట్నం వైపు ఒక చిన్న ప్రైవేటు బడిలో కంప్యూటర్ టీచరుని. ఆఫీసు గదిలో ఒకే ఒక్క మంచి సిస్టం ఉండేది. దానికి వైరస్ పట్టి మార్కుల జాబితాలన్నీ పోయాక, హెడ్మాస్టరుని ఒప్పించి అందులో విండోస్ బదులు లినక్స్ వేశాను. కొత్తదంటే ఆయనకు భయం. "తేడా వస్తే నన్నడగండి సార్" అని పూచీ పడ్డాను.

మొదట్లో ఒక చిక్కు వచ్చింది. ఫైలు మీద రెండుసార్లు నొక్కితే అది అనుకున్న ప్రోగ్రాంలో తెరుచుకునేది కాదు. ఒకరోజు కూర్చుని ఒక్కో రకం ఫైలుకూ ఒక్కో ప్రోగ్రాం ఖాయం చేశాను. ప్రశ్నపత్రాలు టైపు చేసే రైటర్‌లో, పీడీఎఫ్‌లు రీడర్‌లో, ఫొటోలు ఫొటోల ప్రోగ్రాంలో తెరుచుకునేలా పెట్టాను. ఆ తర్వాత హెడ్మాస్టరు తన పని తానే చేసుకునేవారు.

లెక్కల టీచరు నాకంటే ఎనిమిదేళ్లు పెద్ద. మాదీ వాళ్లదీ ఒకటే బాప్టిస్టు చర్చి, ఆదివారం ఒకే బెంచీ. అక్కని పిలిచినట్టు అప్పా అని పిలిచేదాన్ని. ఒక మధ్యాహ్నం హెడ్మాస్టరు భోజనానికి ఇంటికెళ్లగానే ఆమె ఆఫీసు తలుపు దగ్గరగా వేసి వచ్చింది.

"నాకూ ఇది నేర్పవే. ఒకలికీ సెప్పకు. ఈ వయసులో నీ దగ్గర కూకుని నేర్సుకుంటన్నానంటే అందరూ నవ్వుతారు."

ఎవరికీ చెప్పనని మాటిచ్చాను. రెండు నెలలు రోజూ ఆ అరగంట ఆమెదే. మొదటి రోజు మౌసు పట్టుకున్న చెయ్యి వణికింది. ఫైలు మీద కుడివైపు బటను నొక్కడం, ప్రాపర్టీస్‌కి వెళ్లడం, ఓపెన్ విత్‌లో ప్రోగ్రాం ఎంచుకుని, ఇక ఎప్పుడూ అందులోనే తెరుచుకునేలా సెట్ యాజ్ డిఫాల్ట్ అనడం, ఇంతటికీ మూడు రోజులు పట్టింది. వచ్చిన రోజున "ఓలమ్మో, నాకొచ్చీసింది!" అని నా భుజం గట్టిగా పట్టుకుంది. మర్నాడు నాకోసం ఎండు నెత్తళ్ల కూర తెచ్చింది.

మార్చిలో మా చిన్నాన్న కూతురి పెళ్లికి భావనపాడు వెళ్లాను. ప్రశ్నపత్రాలన్నీ టైపు చేసి, సిద్ధంగా పెట్టి, హెడ్మాస్టరుకి చూపించే బయల్దేరాను. నాలుగో రోజు బడికి వచ్చేసరికి ఆయన ముఖం మాడ్చుకుని కూర్చున్నారు.

"పేపర్లన్నీ ముక్కలైపోనాయి టీచర్. బోర్డు మీద రాయించి పరీక్ష పెట్టేను. నా పరువు తీసీసింది మీ లినక్సు."

వెంటనే ఫైలు తెరిచాను. ప్రశ్నలు లేవు. ఏవో ఫోల్డర్లు, వింత పేర్లతో చిన్న చిన్న ఫైళ్లు. నిమిషం తర్వాత అర్థమైంది. ఇలాంటి ఫైలు నిజానికి లోపల చిన్న ఫైళ్లన్నీ కలిపి కట్టిన మూట. రైటర్‌లో తెరవాల్సిన దాన్ని మూటలు విప్పే ప్రోగ్రాంకి తగిలించారు. ఓపెన్ విత్‌లోకి వెళ్లి మార్చగానే మొదటి ప్రశ్నతో సహా పేపరంతా వచ్చింది.

అనుమానంతో పీడీఎఫ్ తెరిచాను. అది బొమ్మలు దిద్దే ప్రోగ్రాంలోకి పోయింది. ఫొటో తెరిస్తే అర్థంకాని అక్షరాలు. ఒకటైతే చెయ్యి జారి నొక్కారనుకోవచ్చు. మూడింటికీ ఎవరో ఓపిగ్గా కూర్చుని చేశారు.

"ఎవరో మార్చారు సార్" అన్నాను.

"ఎవులు మారుస్తారు? ఈ బళ్లో నీకు తప్ప ఎవులికొచ్చు?"

అప్ప ఆ గదిలోనే పేపర్లు దిద్దుతోంది. తలెత్తకుండానే అంది: "మాకేటి తెలుస్తాది సార్, మౌసు పట్టుకోడమే రాదు."

ఆ మాటతో ఎవరు మార్చారో నాకు తెలిసిపోయింది. అప్పుడే చెప్పేయాల్సింది. ఆమే చెబుతుందేమోనని చూస్తూ ఉండిపోయాను. ఎర్ర పెన్ను ఆగలేదు.

సాయంత్రం పిల్లలంతా వెళ్లాక మెట్ల దగ్గర నిలదీశాను. కాసేపు ఏమీ తెలియనట్టు మాట్లాడింది. తర్వాత గొంతు తగ్గించింది.

"ఫైళ్లు పోగొట్టలేదు కదే నాను. మల్లీ సరిసేసుకోడం నీకొచ్చు కదా."

"ఎందుకు చేశావప్పా?"

"మా తమ్ముడు కంప్యూటర్ కోర్సు సదివి మూడేళ్లుగా ఇంట్లో ఉన్నాడు. సార్‌ని అడిగితే కాళీ లేదన్నారు. మీ ఆయనకి ఉజ్జోగం ఉన్నాది. ఆడికేటున్నాది, సెప్పు?"

కొట్టినా అంత బాధ ఉండేది కాదు. అప్ప చెంగుతో ముఖం తుడుచుకుని బస్సుకి వెళ్లిపోయింది.

మర్నాడు హెడ్మాస్టరుకి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆమెకు నేనే నేర్పానని కూడా చెప్పాను. ఆయన అసహ్యంగా చూశారు. "నీ తప్పుకి ఆవిడ పేరు సెప్తావేటి? చర్చికెళ్లే మనిషివి!" మేం మధ్యాహ్నాలు కలిసి కూర్చోవడం చూసినవాళ్లు ఒక్కరూ లేరు. ఎవరూ చూడకుండా తలుపు దగ్గరకు వేసిన ప్రతిసారీ నేనూ పక్కనే ఉన్నాను మరి.

జూన్‌లో ఆ తమ్ముడు నా చోట కంప్యూటర్ టీచరుగా వచ్చాడు. నన్ను ఒకటో తరగతికి మార్చారు. దసరా సెలవులయ్యాక మళ్లీ ఆ బడికి వెళ్లలేదు. ఉద్యోగం పోయిన బాధ కొన్నాళ్లకు తగ్గింది. ఆ వణికే చేతిని పట్టుకుని నేర్పినప్పుడు నేను పడ్డ సంతోషం మాత్రం తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. పెళ్లికి వెళ్తున్నానని ముందుగా చెప్పింది కూడా ఆమెకే. "మూడు రోజులూ ఉండి రాయే, ఇక్కడ నాను సూసుకుంటాను" అని సాగనంపింది.

చర్చిలో బెంచీ మార్చుకున్నాను. డిసెంబరులో ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక, చెప్పులు వేసుకుంటుంటే అప్ప దగ్గరకొచ్చింది. చుట్టూ జనం.

"మా తమ్ముడికి ప్రింటరు రావట్లేదట. ఓపాలి వచ్చి సూస్తావేటి?"

ఏమీ జరగనట్టే అడిగింది. అరవాలనిపించింది. నా నోట మాత్రం "ఇంటికి చుట్టాలొస్తన్నారప్పా" అని వచ్చింది. చుట్టాలెవరూ రావట్లేదు. ఆమె "అలాగే" అని వేరొకరితో మాటల్లో పడింది. నేను గేటు దాటి, ఎండలో, ఇంటిదాకా నడిచాను.