కొండాపూర్‌లో కత్తెర లేని రేడియో

కాజీపేటకు పొద్దున్నే ఆరున్నరకు రావలసిన ప్యాసింజరు ఏడు దాటాక వచ్చింది. ఎందుకు ఆలస్యమైందని ఎవరూ అడగలేదు. తెలంగాణ ఉద్యమం ఊపందుకున్న దగ్గర్నుంచి రైలు ఆలస్యమైతే అది ఉద్యమం వల్లేనని జనం అనుకుంటున్నారు. రైల్వేవాళ్ళు కూడా అలాగే అనుకోనిస్తున్నారు.

నేను బయల్దేరిన పని నలుగురికి చెప్పుకోదగ్గది కాదు. వారం కిందట మల్లేష్ అనే ఆయన ఫోన్ చేశాడు. ఊరు సిద్దిపేట, ఉద్యోగం హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్. అతనూ, అతని స్నేహితుడు శామ్యూలూ కలిసి పాత వీడియో గేముల మీద పాడ్‌కాస్ట్ చేస్తారట. పాడ్‌కాస్ట్ అంటే స్టేషన్ లేని రేడియో. ఇద్దరు గదిలో కూర్చుని మాట్లాడుకున్నది ఇంటర్నెట్‌లో పెడతారు, తోచినవాళ్ళు దింపుకుని వింటారు. అలా తోచేవాళ్ళు ఎందరున్నారని అడిగాను.

"మస్తుమంది ఉన్నరు సార్. కెనడాల ఒకాయన ప్రతీది వింటడు."

కెనడా ఆయన తప్ప మిగతా మస్తుమంది ఎవరో చెప్పలేదు.

నన్ను పిలవడానికి కారణం నా పాత వ్యాసం. వీడియో గేమ్ పార్లర్లు గల్లీగల్లీకీ వెలిసిన రోజుల్లో వాటిని దులిపేస్తూ పత్రికలో రాశాను. అది వీళ్ళకు ఎక్కడో దొరికింది. "మా షోకు మీరే విలన్ సార్," అన్నాడు మల్లేష్, శాలువా కప్పుతున్నంత మర్యాదగా. ఆ వ్యాసంలో ఒక్క ముక్క కూడా ఇవాళ్టికీ మార్చనని చెప్పాను. "గదే కావాలె సార్," అన్నాడు.

శనివారమే రావాలనడానికి మరో కారణం ఉంది. బంద్‌లతో పని సాగడం లేదని శామ్యూల్ కంపెనీ అతని ప్రాజెక్టును పుణెకు మార్చింది. ఆ సాయంత్రమే రైలు. ఇద్దరూ ఏడాదిగా సొంత చేతులతో ఒక గేమ్ మిషన్ చేశారు, దానికో ఆట కూడా రాశారు. ఆట గెలిస్తే మిషన్ ఒక పాట పాడుతుంది. ఆ పాటను శామ్యూల్ ఊరు వదిలేలోపు షోలో వినిపించాలి. "వాడు పోయినంక నేనొక్కన్నే చెయ్య సార్. ఇదే ఆఖరిది," అన్నప్పుడు మాత్రం మల్లేష్ గొంతులో హుషారు లేదు.

జనగామలో ఎక్కిన పెద్దమనిషి నా పక్కన కూర్చుని, ఎక్కడిదాకా అని అడిగాడు. హైటెక్ సిటీ అన్నాను.

"పిల్లలు కొలువు జేస్తున్నరా ఆడ?"

"లేదు. వీడియో గేముల గురించి మాట్లాడ్డానికి పిలిచారు."

ఆయన నా తల వైపు చూశాడు, వెంట్రుకలు నిజంగానే నెరిశాయా అన్నట్టు. తర్వాత ఘట్‌కేసర్ దాకా కిటికీలోంచే చూశాడు.

పది దాటాక సికింద్రాబాద్‌లో దిగాను. స్టేషన్ ఎదుట ఇడ్లీ తిన్నాను. చట్నీలో నీళ్ళు ఎక్కువ, కానీ వేడిగా ఉంది. అక్కణ్ణుంచి లింగంపల్లి వైపు పోయే లోకల్ రైలు. ఈ దారిన వెళ్ళేవాళ్ళకు ఒక హెచ్చరిక: హైటెక్ సిటీ స్టేషన్‌లో దిగగానే హైటెక్కూ కనిపించదు, సిటీ కూడా కనిపించదు. బండరాళ్ళు, ఎర్రమట్టి, నిండితే తప్ప కదలని షేర్ ఆటోలు కనిపిస్తాయి. ఆటో కొంత దూరం పోయాక అద్దాల మేడలు మొదలవుతాయి. ఎండ మండిపోయే ఊళ్ళో అద్దాలతో మేడ కట్టి, లోపల వేడిని చల్లార్చడానికి పెద్ద పెద్ద మిషన్లు పెట్టుకున్నారు. వీళ్ళనే మనం తెలివైనవాళ్ళు అంటున్నాం.

కొండాపూర్‌లో వాళ్ళ ఫ్లాట్ మూడో అంతస్తు. తలుపు తీసింది శామ్యూల్. గుంటూరు దగ్గర మనిషి, వాళ్ళమ్మ ఆస్పత్రిలో నర్సు అట. "రండి సార్, రండి. దారిలో ఇబ్బందేం కాలేదు కదండీ?" అన్నాడు. హాల్లో ఒక సూట్‌కేసు సర్దేసి ఉంది. పడగ్గది గోడలకు బొంతలు వేలాడుతున్నాయి, చప్పుడు మారుమోగకుండా. మధ్యలో బండెడు పాత టీవీ, దాని ముందు ఒక ఇనుప పెట్టె. లోపలి చిప్పులు కోఠీలో ఏరుకున్నారు, పెట్టె రేకు బాలానగర్ వర్క్‌షాప్‌లో వంచి చేయించారు. పగలంతా ప్రపంచంలోకెల్లా కొత్త కంప్యూటర్ల ముందు కూర్చునే ఇంజనీర్లు, ప్రపంచం పారేసిన కంప్యూటర్‌ను ఏడాది కష్టపడి మళ్ళీ తయారు చేశారు. అందులో ఆట ఏమిటంటే, ఒక మనిషి రోడ్డు మీది గుంతలు దూకుతూ పోయి కోఠీ బస్సు పట్టుకోవాలి. బయట నిజంగానే గుంతలున్నాయి, బస్సులూ ఉన్నాయి. ఆ మాటే అన్నాను.

"బయట బస్సు ఆగదు గద సార్," అన్నాడు మల్లేష్.

పన్నెండింటికి మొదలుపెడదామన్నారు. టీవీలో బస్సు ఎరుపు సరిగ్గా రావడం లేదని గంటసేపు స్క్రూలు తిప్పారు. నేను ఓపిక పట్టి చూసి, చివరికి అడిగాను.

"ఇది వినే కార్యక్రమమే కదయ్యా. బస్సు ఎర్రగా ఉందో పచ్చగా ఉందో కెనడా ఆయనకెలా తెలుస్తుంది?"

ఇద్దరూ మొహాలు చూసుకున్నారు. ఇన్నాళ్ళలో ఆ ప్రశ్న ఎవరికీ రానట్టుంది.

"మాకు తెలవాలె గద సార్," అన్నాడు మల్లేష్.

అసలు చిక్కు వాళ్ళ నియమంతో వచ్చింది. పాత ఆటల్లో ఎక్కడిదాకా ఆడామో దాచుకునే వీలు లేదు. ఆడేవాడు గుంతలో పడితే మళ్ళీ మొదటి నుంచి. వీళ్ళ షో కూడా అంతే. కత్తిరింపులు లేవు, అతుకులు లేవు. తప్పు దొర్లితే మొత్తం పారేసి మొదటి నుంచి మొదలుపెట్టాలి. మాట తడబడినా తప్పే, మిషన్ ఆగినా తప్పే. ఉద్యమం ముదిరాక మూడో తప్పు కలుపుకున్నారు: మైకు ముందు రాజకీయం ఎత్తకూడదు. ఒకడు సిద్దిపేట, ఒకడు గుంటూరు. ఒకే వంటింట్లో తినాలంటే ఏదో ఒక నియమం ఉండాలి, నిజమే. కానీ పత్రిక డెస్క్ మీద జీవితమంతా కొట్టివేతలతో గడిపిన నాకు, కత్తెర వద్దనేవాణ్ణి చూస్తే సబ్బు వద్దనేవాణ్ణి చూసినట్టే ఉంటుంది.

మొదటిసారి, మల్లేష్ స్వాగతం చెబుతుండగానే మిషన్ బిగుసుకుపోయింది. రెండోసారి అంతా బాగానే నడిచింది. నన్ను పరిచయం చేశారు, నా వ్యాసం గురించి అడిగారు. నేను ఉత్సాహంగా అందుకున్నాను. "అప్పట్లో పిల్లలు పార్లర్లలో పడి చదువులు మానేశారు. ఇప్పుడు బంద్‌ల పేరు చెప్పి..."

"సార్!" అని ఇద్దరూ ఒక్కసారే అరిచారు.

"ఆ ఒక్క వాక్యం తీసేస్తే సరిపోతుంది కదా," అన్నాను.

శామ్యూల్ చాలా వినయంగా, "మేం తియ్యమండి," అన్నాడు. మల్లేష్ అప్పటికే మొదటి నుంచి మొదలుపెట్టాడు.

మూడోసారి శామ్యూల్ సగం గుంతలు దాటాడు. కరెంటు పోయింది. మళ్ళీ ఎప్పుడొస్తుందని మల్లేష్ కిందికి కేకేస్తే వాచ్‌మన్ పైకి చూసి, "ఐదు దాటాలె అన్నా," అన్నాడు. శామ్యూల్ రైలు ఆరింటికి. ఇద్దరూ చీకటి టీవీ ముందు కూర్చున్నారు. శామ్యూల్ ఆట నడిపే జాయ్‌స్టిక్‌కు దాని వైరు చుట్టసాగాడు, మెల్లగా, విప్పే పని ఇక లేనట్టు. "పోనీలేరా," అన్నాడు.

నాకు వాళ్ళ దుఃఖం కన్నా నా రైలు ముఖ్యం. "పెట్టెకు కరెంటే కావాలా? బ్యాటరీ చాలదా?" అని అడిగాను.

"పెట్టెకు స్కూటర్ బ్యాటరీ చాలు సార్. టీవీకి సాలదు."

"టీవీ ఎవరిక్కావాలి? చప్పుడు వస్తే చాలదా? సికింద్రాబాద్ పోయే రైల్లో చేసుకోండి."

"బొమ్మ లేకుంటే గుంత ఎక్కడుందో ఎట్ల తెలుస్తది సార్?" అన్నాడు మల్లేష్ విసుగ్గా. అంతలో శామ్యూల్ లేచి నిలబడ్డాడు.

"గుంతలు తవ్వింది నేనే కదరా," అన్నాడు.

నాలుగున్నర దాటాక హైటెక్ సిటీ స్టేషన్‌లో సికింద్రాబాద్ లోకల్ ఎక్కాం. సూట్‌కేసు, ఇనుప పెట్టె, స్కూటర్ బ్యాటరీ, అరచేతిలో పట్టే స్పీకరు, మైకు, రికార్డరు, వైర్లు. అవన్నీ సీటు మీద పరిచేసరికి ఎదురుగా కూరగాయల గంపతో ఉన్న ఆమె కాళ్ళు వెనక్కి లాక్కుంది.

"ఏంది బిడ్డా గది? పేలుతదా?"

"ఆట పెట్టె అవ్వా. పేలదు."

"నీ తల్లి కడుపు సల్లగుండ, గంత ఎదిగి గివేం ఆటలు!"

ఆ రోజు నేను విన్న మాటల్లో తెలివైనది అదే.

బోరబండ దాటాక రికార్డింగ్ మొదలైంది. నన్ను మళ్ళీ పరిచయం చేశారు. ఈసారి నేను పార్లర్లను మాత్రమే తిట్టి ఊరుకున్నాను. శామ్యూల్ కళ్ళు మూసుకుని ఆడటం మొదలుపెట్టాడు. ఆటలో మనిషి నడుస్తుంటే స్పీకర్లో టిక్కు టిక్కు మంటుంది. దూకితే కుయ్యిమంటుంది. టిక్కుల్ని బట్టి అతను దూరం లెక్కపెట్టుకుంటున్నాడు. మల్లేష్ వ్యాఖ్యానం చెబుతున్నాడు: "ఇగో, కూకట్‌పల్లి చౌరస్తా వచ్చింది. పెద్ద గుంత. దూకిండు!" తెర మీద లేని బొమ్మను, రైల్లో లేని శ్రోతలకు, ఇద్దరు ఇంజనీర్లు వర్ణిస్తున్నారు. ఈ రాష్ట్రం వీళ్ళ చదువులకు ఖర్చు పెట్టింది.

ఫతేనగర్ వచ్చేసరికి చుట్టూ పదిమంది మూగారు. ఇది బస్సు పట్టుకునే ఆట అని ఒకరికొకరు చెప్పుకున్నారు. బేగంపేటలో మెడలో ఉద్యమంవాళ్ళ గులాబీ కండువాతో నడివయసు ఉద్యోగి ఒకాయన ఎక్కాడు. మనుషుల్ని తోసుకుని ముందుకొచ్చి, కాసేపు చూసి, శామ్యూల్‌ను అడిగాడు.

"ఏ ఊరు తమ్మీ?"

మైకు ఆయన మోచేతి పక్కనే ఉంది. శామ్యూల్ కళ్ళు తెరవలేదు. "గుంటూరు దగ్గరండి."

"అట్లనా! మరి ఎప్పుడు పోతున్నవ్?"

ఈ రోజుల్లో ఆంధ్రావాళ్ళను పట్టుకుని అందరూ అంటున్న ఎకసెక్కమే. బోగీలో నలుగురు నవ్వారు కూడా.

"ఇవాళేనండి," అన్నాడు శామ్యూల్. "ఆరింటి రైలుకి."

నవ్వు ఆగిపోయింది. కండువా ఆయన సూట్‌కేసును అప్పుడు చూశాడు. "నేను ఊకె అన్న తమ్మీ," అన్నాడు, చిన్న గొంతుతో. ఎవరూ ఏమీ అనలేదు. స్పీకర్లో మనిషి టిక్కు టిక్కుమని నడుస్తూనే ఉన్నాడు, ఎందుకంటే శామ్యూల్ వేళ్ళు ఆగలేదు. మల్లేష్ బొటనవేలు రికార్డర్ మీట మీద ఉంది. వాళ్ళ నియమం ప్రకారం ఆపాలి, ఆపి మొదటి నుంచి మొదలుపెట్టాలి. సంజీవయ్య పార్కు దాటేశాం. మొదటి నుంచి చెయ్యడానికి అంత రైలు మిగల్లేదు. ఎంతసేపని నేను గడియారం చూడలేదు గానీ, రేడియోలో అయితే స్టేషన్ పోయిందని జనం సెట్టు కట్టేసేంత సేపు.

మల్లేష్ మైకు నోటి దగ్గరకు తెచ్చుకున్నాడు. "గది రాజకీయం గాదు," అన్నాడు. "గది పోయొస్త అనుడు. ఆట నడుస్తున్నది. ముంగట ఇంకో రెండు గుంతలు."

శామ్యూల్ ఒకటి దూకాడు. రెండోది కూడా దూకాడు. తర్వాత పాట వచ్చింది. ఏడాది శ్రమ, బాలానగర్ రేకు, కోఠీ చిప్పులు అన్నీ కలిసి చేసిన ఆ పాట, తలుపు సందులో తోక ఇరికిన పిల్లి అరిచినట్టుంది. చివరిదాకా వచ్చింది, పూర్తిగా.

"దొరికినట్టేనా బస్సు?" అని కండువా ఆయన అడిగాడు.

"దొరికిందండి," అన్నాడు శామ్యూల్, కళ్ళు తెరిచి.

సికింద్రాబాద్‌లో సూట్‌కేసు దింపింది ఆ కండువా ఆయనే. పుణె రైలు ప్లాట్‌ఫారం మీద పెట్టి ఉంది. స్నేహితులిద్దరూ చెప్పుకున్నది కొంచెమే. "పెట్టెకు దుమ్ము పట్టనియ్యకు." "నువ్వు పుణెల వడపావే తింటు కూసోకు." మెట్టెక్కాక శామ్యూల్ వెనక్కి తిరిగి, "మధ్యలో ఆ సైలెన్సు ఉంచుతావు కదా?" అని అడిగాడు. "మనం ఎప్పుడు కోసినం రా," అన్నాడు మల్లేష్. రైలు కదిలాక అతను ఇనుప పెట్టెను చంకన పెట్టుకుని నాకు నమస్కారం పెట్టాడు, చేతులు రెండూ కలవకపోయినా.

ఏడింటికి నాకు కాజీపేట వైపు బండి దొరికింది. కూర్చోడానికి చోటు మాత్రం భువనగిరిలో దొరికింది. పల్లీలు కొనుక్కున్నాను. సగం పుచ్చులు. ఎదుటి సీటాయన, పట్నంలో సభకు వెళ్ళి వస్తున్నారా అని అడిగాడు. కాదు, రేడియో పని అన్నాను, అంతకన్నా వివరించే ఓపిక లేక.

వెళ్ళదలచినవారికి నా సలహా: హైటెక్ సిటీలో చూడవలసింది ఏమీ లేదు. అద్దాల మేడల్లోకి మనల్ని రానివ్వరు. వాటి వెనక ఫ్లాట్లలో పెద్దవాళ్ళు గోడలకు బొంతలు కట్టుకుని బొమ్మలాటలు ఆడుతుంటారు. వీడియో గేముల గురించి నా అభిప్రాయం ఇరవై ఏళ్ళ కిందట ఎక్కడుందో ఇవాళా అక్కడే ఉంది, ఆ పాట విన్నాక ఇంకొంచెం గట్టిపడింది. బేగంపేట దాటాక ఎవరూ ఏమీ అనకుండా ఉండిపోయిన ఆ కాస్తసేపు మాత్రం జనగామ దాకా నా చెవుల్లో ఉంది. డెస్క్ మీద ఉన్నన్నాళ్ళూ అలాంటి ఖాళీ ఎక్కడ కనిపించినా ముందు దాన్నే కొట్టేసేవాణ్ణి. ఈ షోను నా చేతికిస్తే ఆ ఒక్కటీ ఉంచేవాణ్ణి. మిగతాదంతా కొట్టేసేవాణ్ణి.