చిన్నమ్మ గొంతులో సోషల్ పాఠం

కొత్త హెడ్‌ఫోన్ల పెట్టె తెరిచినప్పుడల్లా స్పాంజీ, ప్లాస్టిక్కు కలిసిన ఆ వాసన ముక్కుకు తగిలి, తెనాలిలో మా ఆఫీసు గదిలో కూర్చున్నదాన్ని కాస్తా ఏడో తరగతి పిల్లనైపోతాను. చదవలేక అవస్థపడే పిల్లల కోసం బడులకు ట్యాబులు పట్టుకెళ్లి నేర్పడం నా ఉద్యోగం. పిల్లలు హెడ్‌ఫోన్లు పెట్టుకుని తెర మీద వాక్యాన్ని వేలితో తాకితే చాలు, అది చదివి వినిపిస్తుంది, చదివే మాట కింద పసుపు గీత నడుస్తుంది. కొలకలూరులోనైనా పిట్టలవానిపాలెంలోనైనా పిల్లల మొహాలు వెలిగిపోవడం ఒక్కటే తీరు. నాకు మాత్రం ఆ వాసనకు మొదట పుట్టేది సంతోషం కాదు, కసి. ముప్పై ఏళ్లు దాటినా చల్లారలేదు. మా సోషల్ మాస్టారిని ఒక్కసారి, ఒకే ఒక్కసారి, పదిమందిలో నిలబెట్టి చదివించాలన్నదే ఆ కసి.

మాది భట్టిప్రోలు దాటి రేపల్లె వెళ్లే దారిలో కాలవగట్టు మీది ఊరు. ఎండాకాలం తాటిముంజల నీళ్లు మోచేతుల దాకా కారుతుంటే నాక్కుంటూ, కాలవకు నీళ్లు వదిలిన రోజున పుస్తకాల సంచులు గట్టు మీద పారేసి గౌన్లు మడిచి జెల్లచేపలు పట్టుకుంటూ, చలికాలం వచ్చేసరికి కుప్పనూర్పిళ్ల దుమ్ములో దగ్గుతూ, కాల్చిన తేగలు చీల్చి లోపలి తియ్యటి మొవ్వును, అదే చందమామను, ఎవరికీ పెట్టకుండా మింగేస్తూ, డిసెంబరు నెలంతా ఇంటింటికీ వెదురుబద్దల నక్షత్రాలు కట్టి, అరిసెల పాకం ముదిరిందని అమ్మ, ముదరలేదని నాయనమ్మ దెబ్బలాడుకుంటుంటే ఆ సందులో పిండి కాజేస్తూ పెరిగాం. అచ్చంగిల్లాల్లో నన్ను ఓడించిన పిల్ల లేదు. ఎక్కాలు గుక్క తిప్పుకోకుండా చెప్పేదాన్ని. పుస్తకం తెరిస్తే మాత్రం నా పని అయిపోయేది. గుణింతాలూ ఒత్తులూ కళ్లాల్లో ఆరబోసిన రెండు రకాల వడ్లలా ఒకదాంట్లో ఒకటి కలిసిపోయేవి.

మా ఇంట్లో శనివారం రాత్రి ప్రార్థనకు అందరూ చాప మీద గుండ్రంగా కూర్చుని బైబిల్లో తలా ఒక వచనం చదవాలి. నాయనమ్మ నుంచి నా దాకా తలలు లెక్కపెట్టుకునేదాన్ని, నా వంతుకు ఏ వచనం వస్తుందో కనిపెట్టి, పక్కనున్న రూతు చిన్నమ్మ మోచేతిని గోకేదాన్ని. ఆవిడ నా చెవిలో గుసగుసగా చెప్పేది, నేను వేలు ఆనించి చదివినట్టు అప్పజెప్పేదాన్ని. ఇంట్లో ఇంకెవరికీ తెలియదు. అమ్మకు చెల్లెలైన ఈ చిన్నమ్మ బాపట్లలో టీచరు ట్రైనింగు చదువుతూ శనివారం సాయంత్రం బస్సులో మా ఇంటికే వచ్చేది. ఒక శనివారం స్నేహితురాలి దగ్గర పాత టేపు రికార్డరు అడిగి తెచ్చి, "నీకు కళ్లతో ఎక్కకపోతే చెవుల్తో ఎక్కుద్దిలేవే" అంది. ఉన్నది ఒక్కటే క్యాసెట్టు. వంటింటి అరుగు మీద కూర్చుని వారానికి సరిపడా పాఠాలు అందులో చదివేది. వచ్చే వారం వాటి మీదే కొత్త పాఠాలు. బడి నుంచి వస్తూనే ఆ డబ్బాకు చెవి ఆనించి, అది వేడెక్కి ప్లాస్టిక్కు వాసన కొట్టేదాకా వినేదాన్ని. ఆ ఏడాది క్వార్టర్లీ పరీక్షల ముందు మా క్లాసులో పాఠాలు గడగడా చదివే పిల్లల్లో నేనూ ఒకదాన్నయ్యాను. నా జన్మలో అంత గర్వం మళ్లీ ఎరగను.

ఒకరోజు సోషల్ మాస్టారు నన్ను లేపి నదుల పాఠం చదవమన్నారు. పుస్తకం తెరిచి, వేలు కదుపుతూ, చిన్నమ్మ ఎక్కడ ఊపిరి తీసుకుందో అక్కడే నేనూ తీసుకుంటూ అందుకున్నాను. వినీ వినీ అదంతా నాకు ఒకే గుక్క అయిపోయింది. ఆయన బెత్తం బల్ల మీద ఆడుతుంటే ఆ చప్పుడుకు బెదిరి, "కృష్ణానది పడమటి కనుమల్లో పుట్టి తూర్పుగా ప్రవహించి, ఉష్షు ఉష్షు, కోడి బియ్యంలో పడింది, అక్కా చూడవే, హంసలదీవి దగ్గర సముద్రంలో కలుస్తుంది" అని చదివేశాను. క్లాసంతా విరగబడి నవ్వింది.

"ఏంటే? పుస్తకంలో కోడి ఎక్కడుందే?" అన్నారు మాస్టారు.

"టేపులో మా చిన్నమ్మ చెప్పిందండి" అన్నాను. అంత వెర్రిబాగులదాన్ని.

ఇంటికి పంపి క్యాసెట్టు తెప్పించారు. బెత్తం కొసతో టేపు మొత్తం బయటికి లాగి, చుట్టలు చుట్టలుగా నా మెళ్లో దండ వేసి, ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా తిప్పారు. ప్రతి గదిలోనూ నిలబెట్టి, పుస్తకం చేతికిచ్చి, "ఇప్పుడు చదువు" అన్నారు. ఎక్కడా ఒక్క లైను చదవలేకపోయాను. టేపు పిల్ల అని పేరు పడింది. బడికి పోనని భీష్మించుకుంటే నాన్న ఏడాదిపాటు నన్ను నాట్లకు పంపాడు. చిన్నమ్మే వచ్చి, ఆయనతో పోట్లాడి, బాపట్లకు తీసుకెళ్లి తన దగ్గర పెట్టుకుని మూడేళ్లు చదివి వినిపిస్తూ నన్ను పది గట్టెక్కించింది. ఆ మరుసటి ఏడాది పచ్చకామెర్లతో పోయింది. ఆవిడ ఫొటోలు నాలుగున్నాయి. గొంతు ఆ ఒక్క క్యాసెట్టులోనే ఉండేది. మిగతాదంతా మరిచిపోగలనేమో కానీ, దీనికి మాత్రం ఆయన్ని క్షమించలేదు.

పోయిన నెలలో అదే బడి నుంచి, చదివే గది ప్రారంభానికి రమ్మని పిలుపొచ్చింది. ఆ బడిలో దీవెన అని ఆరో తరగతి పిల్ల ఉంది. మొదట్లో పుస్తకం చూస్తేనే కడుపునొప్పి అనేది. నేను అంతకుముందు నుంచే వారానికి రెండుసార్లు వెళ్లి హెడ్‌ఫోన్లతో నేర్పగా, మూడు నెలలకు ఒక పేజీ సొంతంగా చదవసాగింది. ప్రారంభం రోజున నలుగురిలో మొదటిసారి చదువుతానని తనే అడిగింది. తీరా వెళ్తే ముందు వరసలో డెబ్బై దాటిన మా సోషల్ మాస్టారు, శాలువా కప్పుకుని ముఖ్య అతిథిగా.

అక్షరాలు తారుమారు చేసి, ఒత్తులు పక్కకు జరిపి అచ్చువేసిన కాగితం ఒకటి మా దగ్గర ఉంటుంది. ఈ పిల్లల బాధ పెద్దవాళ్లకు తెలియాలని శిక్షణలో వాడతాం. ఎవరి చోట వాళ్లు కూర్చుని మనసులో చదువుకోవాలన్నది పద్ధతి. నేను మాత్రం ఆ కాగితమూ మైకూ తెచ్చి ఆయన చేతికిచ్చాను.

"నిలబడి చదవండి సార్."

ఆయన రెండు మాటలు చదివి ఆగిపోయారు. మళ్లీ మొదలుపెట్టి మళ్లీ ఆగారు. పిల్లలు కిసుక్కుమన్నారు. "కళ్లజోడు సరిగా లేదమ్మా" అన్నారు. "పర్లేదు సార్, చదవండి" అన్నాను. చెమటలు పట్టేదాకా, హాలంతా నవ్వేదాకా నిలబెట్టాను. నా కడుపు చల్లబడింది, అబద్ధమెందుకు? అప్పుడు దగ్గరికెళ్లి పేరు చెప్పాను. ఆయన కళ్లజోడు సర్దుకుని నా మొహంలోకి చూసి, "టేపు పిల్లవా?" అన్నారు. "అవునండి, టేపు పిల్లనే" అన్నాను. ఆయన కూర్చుని శాలువా తీసి ఒళ్లో పెట్టుకున్నారు.

తర్వాత దీవెనను పిలిచాను. రాలేదు. హెడ్‌ఫోన్లు కుర్చీలో ఉన్నాయి, పిల్ల లేదు. వెతుక్కుంటూ వెళ్తే సైకిళ్ల షెడ్డులో మోకాళ్లు ముడుచుకుని కూర్చుని ఉంది.

"రా అమ్మా, నీ వంతు."

"నేను చదవనండి."

"నిన్న బాగా చదివావుగా?"

తల ఎత్తకుండానే అడిగింది: "తప్పు పోతే నన్నూ అట్టాగే నిలబెడతారా మేడం?"

టేపు రికార్డర్లు పోయాయి, క్యాసెట్లు పోయాయి, ప్రార్థన చాప మీద నాకు వచనం అందించిన చిన్నమ్మా పోయింది. బెత్తాలూ పోయాయి. పిల్లల్ని నిలబెట్టి నవ్వులపాలు చేసే మాస్టార్లు కూడా పోయారనే అనుకున్నాను, ఆ పిల్ల అలా అడిగేదాకా.