కప్పు చప్పుడు

నవనీత ఏ పని మొదలుపెట్టినా ముందు వేలి కణుపుతో బల్లను రెండుసార్లు కొడుతుంది. కరీంనగర్‌లోని ఆ డేటా సెంటర్‌లో అందరికీ అలవాటైన చప్పుడే అది. వాళ్ల బాపు హనుమండ్లు ముప్పై ఏళ్లు బొగ్గుబాయిలో పనిచేశాడు. బాయిలోకి దిగగానే పైకప్పును కర్రతో కొట్టేవాడు. డొల్లగా మోగితే కూలుతుందని దాని కింద నిలబడేవాడు కాదు. ఆ ఆదివారం మధ్యాహ్నం, ఒక ఆసుపత్రికి చెందిన పన్నెండు వర్చువల్ మెషీన్లను, అంటే సాఫ్ట్‌వేర్‌తోనే నడిచే కంప్యూటర్లను, ఇక్కడ ఆగిపోతే అక్కడ నడిచేలా ఎప్పటికప్పుడు మంచిర్యాలలోని మరో సెంటర్‌లో నకలు చేసే సాఫ్ట్‌వేర్‌కు కొత్త వెర్షన్ ఎక్కించాలి.

“అక్కా, తెర మీద అన్నీ పచ్చగనే ఉన్నయ్. ఎక్కిద్దాం,” అన్నాడు తోటి ఉద్యోగి కరుణాకర్, తెప్పించిన బిర్యానీ చల్లారుతోందన్న ఆత్రంతో.

“పచ్చగుంటే అయిపాయెనా? నకలు లేస్తదో లేదో జూడాలె. జర ఆగు.”

మంచిర్యాలలోని నకళ్లను ఒక్కొక్కటే విడిగా ఆన్ చేసి, లేపి చూసింది. పదకొండు లేచాయి. రోగుల మందుల వివరాలున్న పన్నెండోది లేవలేదు. కరుణాకర్ బిర్యానీ పొట్లం పక్కకు జరిపి తెర దగ్గరికి వచ్చాడు. నవనీత చున్నీ నడుముకు బిగించి, ఆ ఒక్కదాన్ని మొదటి నుంచి మళ్లీ నకలు చేయించింది. అది లేచాకే కొత్త వెర్షన్ ఎక్కించింది. ఎక్కించాక పన్నెండింటినీ ఇంకోసారి లేపి చూసింది. చల్లారిన బిర్యానీని ఇద్దరూ ఇష్టంగా తిన్నారు.

సాయంత్రం బాపు ఫోన్ చేశాడు. “పని మంచిగయిందా బిడ్డా?”

“ఒక్క జాగల డొల్ల మోగింది బాపూ.”

బాపు వెంటనే అడిగాడు, “కింద ఎవలన్న ఉన్నరా?”

నవనీత నవ్వింది. “ఎవ్వల్లేరు బాపూ. ముందే కొట్టి జూసిన గద.”