పైడయ్య ఇటలీ సందేహాలు

మా పైడయ్యకి ఉన్నది ఒకే ఒక్క జబ్బు. లోకంలో అందరికీ తెలిసిన సంగతిని అందరూ వింటూండగా గొంతెత్తి అడుగుతాడు. జవాబు చెప్పాక ఊరుకోడు, "మళ్ళీ ఓపాలి సెప్పండి బాబూ" అంటాడు. ఆ రెండోసారి చెప్పేటప్పుడు అతని పక్కన నిలబడడం కంటే చాపరాయి వాగులో దూకడం నయమని నాకు చాలాసార్లు అనిపించింది.

డుంబ్రిగుడలో కాఫీ రైతుల సంఘానికి నేను ఫీల్డు ఆఫీసర్ని, అతను అటెండరు. నాది విజయనగరం. ఎమ్మెస్సీ చదివాను, చొక్కా ఇస్త్రీ నలగనిచ్చేవాణ్ణి కాదు. పైడయ్యది భీమిలి. యాభై దాటిన మనిషి, ఎక్కడికి పంపినా నా వెంట అతన్నే పంపేవారు.

ఒకరోజు అరకు బ్యాంకులో వరసలో నించున్నాం. వెనక పది మంది కొండ మీది వాళ్ళు ఫారాలు పట్టుకుని ఉన్నారు. పైడయ్య గుమాస్తాని కేకేశాడు.

"బాబూ, సంతకం రానోడు ఏ ఏలు ఒత్తాల?"

"నీకు సంతకం వచ్చు కదయ్యా" అన్నాను పళ్ళు బిగించి.

"వచ్చు బాబూ. తెలుసుకుంటే తప్పేటి?"

ఇంకోసారి అరకు స్టేషన్లో. పెట్టెకి విశాఖపట్నం అని ఇంత బోర్డు వేలాడుతోంది. "ఏటండీ, ఈ బండి ఇశాపట్నమేనా ఎల్తాది?" అని టీసీని అడిగాడు. బోర్డు కనబడలేదా అన్నాడాయన. "సూసినానండి. బండిక్కూడా తెలుసో నేదో అని" అన్నాడు పైడయ్య. ప్లాట్‌ఫారమంతా నవ్వింది. నేను ఎవరో తెలియనట్టు నాలుగడుగులు పక్కకి జరిగాను.

2005లో మా సంఘానికి ఇటలీ నుంచి పిలుపొచ్చింది. అక్కడేదో కాఫీ ప్రదర్శన. ఒక రైతు, తోడుగా ఒక ఆఫీసరు రావాలి, ఖర్చులు వాళ్ళవే. ఆ ఏడాది రుచి పరీక్షలో కనక అనే గిరిజన రైతు తోటలోని కాఫీకి మొదటి స్థానం రావడంతో రైతు ఆమే అయింది. ఆఫీసర్ని నేనయ్యాను. ఆమె రానంటే పిలుపు ఇంకో జిల్లా సంఘానికి పోతుంది. దళారీ లేకుండా గింజలు కొనేవాడు దొరుకుతాడని ఆమె ఊళ్ళో ముప్పై కుటుంబాలు పెట్టుకున్న ఆశా దాంతోపాటే పోతుంది.

కనక నోట్లో నాలుక లేని మనిషి. ఏం చెప్పినా తలూపుతుంది. అర్థమైనా ఊపుతుంది, కాకపోయినా ఊపుతుంది.

టిక్కెట్లకీ వీసా కాగితాలకీ విశాఖలో ఒక ట్రావెల్ ఆఫీసుకి వెళ్ళాం. చల్లటి గది, సెంటు వాసన, టైలు కట్టుకున్న మనుషులు. కౌంటర్లో భానుశ్రీ అనే అమ్మాయి కాగితాలన్నీ చూసి, "ఏమైనా సందేహాలున్నాయా?" అంది. కనక తలూపింది. ఫైళ్ళు మొయ్యడానికొచ్చిన పైడయ్య ముందుకొచ్చాడు.

"అమ్మా, ఇమానంలో కిటికీ తీత్తారా?"

"తియ్యరండీ."

"మరి కక్కొత్తే?"

"సీటు ముందు సంచి ఉంటుంది, అందులో."

"కూడెడతారా, మోసుకెళ్ళాలా? దొడ్డికొత్తే ఏటి సెయ్యాల?"

టై కట్టుకున్నాయన పేపరు అడ్డం పెట్టుకుని నవ్వుతున్నాడు. భానుశ్రీ నవ్వాపుకుంటూ, మరుగుదొడ్డి వెనకాల ఉంటుందనీ, తలుపు మధ్యలో నొక్కితే ముడుచుకుంటుందనీ చెప్పింది.

"మళ్ళీ ఓపాలి సెప్పండమ్మా."

నేను గోడ మీది రోము బొమ్మలో రాళ్ళు లెక్కపెడుతున్నాను. సిగ్గుతో చెవులు మండిపోయాయి. బయటికి రాగానే విరుచుకుపడ్డాను.

"ఇంకోసారి అక్కడ నోరు తెరిచావంటే నిన్ను తీసుకురాను. మన పరువేం కావాలి?"

"అలాగే బాబూ" అన్నాడు. అంతే.

మరుసటి వారం వెళ్ళినప్పుడు పైడయ్య మూలన నోరు కుట్టేసినట్టు నించున్నాడు. భానుశ్రీ విమానం మారడం గురించీ, తనిఖీల గురించీ గడగడా చెప్పుకుపోయింది. కనక తలూపుతూ కూర్చుంది. ఎంత మర్యాదగా జరిగిందో అని మురిసిపోయాను. తిరుగు బస్సు అనంతగిరి ఘాటీ ఎక్కుతుండగా కనక అంది, "సారూ, నేను రాను."

ఎంత అడిగినా కారణం చెప్పలేదు. శనివారం ఆఖరి సంతకాలు. గురువారం ఆమె తోటకి పరిగెత్తాను. కాఫీ పళ్ళు కోస్తూనే చెప్పింది. మా ఏజెన్సీ కొండల్లో ఎంత ఆఫీసరునైనా నువ్వనే అంటారు.

"నీకన్నీ తెలుసు సారూ. ఆ పిల్లకీ తెలుసు. పైడయ్యకి నాలాగే ఏమీ తెలీదని ధైర్యంగా ఉండేది. మొన్న ఆయనా ఏమీ అడగలేదు. ఆయనకీ అన్నీ తెలిసిపోయాయి. తెలీనిదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను. అంత దూరమొచ్చి నవ్వులపాలవడం దేనికి?"

నాకు తల కొట్టేసినట్టయింది. తిన్నగా ఆఫీసుకి వచ్చాను. పైడయ్య టీ గ్లాసులు కడుగుతున్నాడు.

"పైడయ్యా, నువ్వెప్పుడైనా విమానం ఎక్కావా?"

"ఎక్కినాను బాబూ. తొమ్మిదేళ్ళు ఓడల్లో వంట సేసినాను కదా. ఓడ ఏ దేశంలో ఉంటే ఆ దేశానికి ఇమానంలో పంపీవోరు. ఇటలీ మూడుపాలి ఎల్లినాను."

"మరి చెప్పవేం?"

"మీరు అడగనేదు."

నిజమే. ఐదేళ్ళలో అతన్ని నేను టీ తప్ప ఏమీ అడగలేదు.

"అన్నీ తెలిసినవాడివి, ఆ కనకకి నువ్వే చెప్పొచ్చు కదయ్యా?"

గ్లాసు బోర్లించి చేతులు తుడుచుకున్నాడు. "నాను సెప్తే, ఆయమ్మకి తెల్దని నాకు తెలిసిపోయినట్టే కదా బాబూ. ఆయమ్మకి సిన్నతనం. నాను అడిగాననుకోండి, ఇద్దరం కలిసి తెలుసుకున్నట్టుంటాది."

బ్యాంకులో మా వెనక ఫారాలు పట్టుకున్న పది మందీ ఒక్కసారి గుర్తొచ్చారు. ఆ రోజు నలగని నా చొక్కా మీద నాకే అసహ్యం వేసింది.

కూర్చుని వింటే చాలు, ఇష్టం లేకపోతే సంతకం పెట్టొద్దని కనకని ఒప్పించి శనివారం ముగ్గురం మళ్ళీ వెళ్ళాం. గది నిండా జనం. పైడయ్య నోరు తెరవబోతుంటే చెయ్యి పట్టి ఆపి, నేనే గొంతెత్తాను.

"అమ్మా, విమానంలో ఆ నడుం బెల్టు ఎలా పెట్టుకోవాలండీ? ఊడి రాకపోతే ఎవర్ని పిలవాలి?"

అందరూ తిరిగి చూశారు. భానుశ్రీ కూడా నోరు తెరిచింది. అయినా ఓపిగ్గా చెప్పింది.

"మళ్ళీ ఒకసారి చెప్పండి" అన్నాను. నా చెవులు కాలిపోతున్నాయి.

అప్పుడు కనక కుర్చీ ముందుకి లాక్కుంది. ముక్కుకున్న మూడు పోగులూ వేలితో చూపించింది.

"ఇవి తియ్యమంటారా? పెట్టిన్నాటినుంచీ తియ్యలేదు."

"అక్కర్లేదండీ. తనిఖీలో గంట మోగినా ఆడవాళ్ళే వచ్చి, చూసి పంపేస్తారు."

కనక "కాగితం ఇటియ్యి" అంది. మెల్లగా, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ సంతకం పెట్టింది.

మెట్లు దిగుతూ నావైపు జాలిగా చూసింది. "నీకూ తెలీదని ముందే చెప్పకపోయావా సారూ? సిగ్గెందుకు? నా పక్కన కూర్చో, బెల్టు నేను పెడతాను."

"జాగర్త కనకమ్మా, బాబుకి కొత్త" అన్నాడు పైడయ్య.

నిజం చెప్పొద్దూ, నేనూ అంతవరకూ విమానం ఎక్కినవాణ్ణి కాదు. బెల్టు సంగతి నేనడిగాకే తెలిసింది. కక్కొస్తే సంచి సంగతీ, తలుపు మధ్యలో నొక్కే సంగతీ నాకు తెలిసింది పైడయ్య అడిగినప్పుడే. ఆ మాట అతనికి నేను చెప్పుకోలేదు. అతనికి మొదట్నుంచీ తెలుసుననే అనుకుంటున్నాను.